టికెట్టు ఎవరు కొనాలి?

ఎదుటివాళ్లని ధైర్యంగా ఉండమని చెప్పే హక్కు మనకి ఎప్పుడు వస్తుంది? దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథని ఉద్యోగుల శిక్షణలో పాఠంగా చెప్తుంటే నాకు ఈ ప్రశ్నే వస్తుంది.

కథ మనకి తెలిసిందే. 1923, కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. పక్కనే ఖద్దరు ప్రదర్శన. టికెట్టు లేనివాళ్లని లోపలికి పంపొద్దని వాలంటీరుగా ఉన్న దుర్గాబాయికి చెప్పారు. 14 ఏళ్ల పిల్ల. వచ్చింది జవహర్‌లాల్ నెహ్రూ అయినా ఆపేసింది. నిర్వాహకులు కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే కదా చేస్తున్నానంది. వాళ్లు టికెట్టు కొన్నాకే దారి ఇచ్చింది. నెహ్రూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నాడు.

మా గోవాడ చుట్టుపక్కల ఒక సంస్థలో, కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలకి ఈ కథని నాయకత్వ పాఠంగా చెప్పారు. నియమం అందరికీ ఒకటే, పెద్దవాళ్లకైనా భయపడకండి అన్నారు. సాహిత్యం చదువుకున్నదాన్నని నన్నూ పిలిచారు. వెనక వరసలోంచి ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, నెహ్రూ గారు మెచ్చుకోకపోయుంటే ఆవిడని ఉంచేవారాండి?" అందరూ నవ్వారు. పాఠం చెప్పినాయన తర్వాతి అంశంలోకి వెళ్లిపోయారు.

అది నవ్వులాట ప్రశ్న కాదు. ఏ కథలోనైనా ఎవరు కనబడకుండా పోతున్నారో వెతకడం పరిశోధన నాకిచ్చిన అలవాటు. ఇక్కడ కనబడకుండా పోయింది నిర్వాహకులు. నియమం పెట్టింది వాళ్లు. దాన్ని పాటించినందుకు కోప్పడిందీ వాళ్లే. మన సంస్థలు ఈ కథ చెప్తున్నంతసేపూ తామే నెహ్రూలమనుకుంటాయి. నిజానికి వాటిది నిర్వాహకుల చోటు.

దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లింది, లా చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలైంది. ఆడవాళ్లకి ధైర్యం నూరిపోసి ఊరుకోలేదు. వాళ్లకి చదువూ, పనీ, నిలబడే చోటూ ఏర్పాటు చేసింది. కానీ శిక్షణ పాఠానికి ఈ స్త్రీ అక్కర్లేదు. చెప్పిన పని చేసే ఆ 14 ఏళ్ల పిల్లే కావాలి.

నెహ్రూ లేని గుమ్మాలే ఎక్కువ. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో గ్రామ స్థాయి కార్యకర్త భన్వరీ దేవి. 1992లో ఒక బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించింది. తనకి అప్పగించిన పనే చేసింది. 8 ఏళ్లకే పెళ్లయిన దుర్గాబాయికి ఆ పని విలువ తెలుసు. భన్వరీకి మాత్రం మెచ్చుకోలు దక్కలేదు, సామూహిక అత్యాచారం ఎదురైంది. 1995లో కింది కోర్టు నిందితులని ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. స్త్రీల సంఘాలు పోరాడాక 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు, 2013లో చట్టం వచ్చాయి. ఆ పేరు మా విశాఖపట్నానిది కాదు, కేసు వేసిన సంస్థది. పనిచోట లైంగిక వేధింపులు జరక్కుండా చూడటం యజమాని బాధ్యత అన్న మాట రాతలోకి రావడానికి ఇంత కావలసి వచ్చింది.

ధైర్యానికయ్యే ఖర్చు భరించడానికి సిద్ధపడ్డవాళ్లకే దాన్ని అడిగే హక్కు ఉంటుందని నేననుకుంటాను. కాబట్టి దుర్గాబాయి పాఠం ముందు చెప్పాల్సింది గుమ్మం దగ్గర అమ్మాయికి కాదు, ఆమె చేతికి నియమం ఇచ్చినవాళ్లకి. పెద్దమనిషిని ఆపిన రోజున ఆమె పక్కన ఎవరు నిలబడతారో, ఆమె ఉద్యోగాన్ని ఎలా కాపాడతారో ముందే రాసిపెట్టాలి. కాకినాడలో నిర్వాహకులు కోప్పడ్డారు, నిజమే. కానీ ఆ పిల్లని తప్పించి నెహ్రూని లోపలికి పంపలేదు. వెళ్లి టికెట్టు కొన్నారు. శిక్షణ అక్కణ్ణించి మొదలుకావాలి.