కడుపులోకి పోయాక అన్నీ ఒకటేనా?

‘కడుపులోకి పోయాక అన్నీ ఒకటే’ అనే మాట మన ఇళ్లలో చాలా పాతది. కూర కాస్త మాడినప్పుడో, పిల్లలు కంచం ముందు పేచీ పెట్టినప్పుడో నవ్వుతూ అనేస్తాం. 2025 ఉగాది నాడు, మార్చి 30న, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డుల వాళ్లకు సన్న బియ్యం పంపిణీ మొదలుపెట్టాక, అదే మాట నాకు ఇంకో గొంతుతో వినిపించింది. బియ్యం బియ్యమే కదా, దొడ్డువైతే ఏంటి, సన్నవైతే ఏంటి? ఊరికే ఇచ్చేదానికి రుచి కూడానా?

ఇలా అడిగేవాళ్ల వైపే సైన్స్ ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రాణానికి ఆధారమైన పెద్ద అణువులు నాలుగు రకాలని బళ్లో చదువుకున్నాం: పిండిపదార్థాలు, ప్రొటీన్లు, కొవ్వులు, డీఎన్ఏ లాంటి కేంద్రక ఆమ్లాలు. బియ్యంలో ఎక్కువ భాగం మొదటి రకమే, అంటే స్టార్చ్. గ్లూకోజ్ అణువులను పూసల్లా గుచ్చిన పొడవాటి దండ అది. ముద్ద నోట్లో పడగానే లాలాజలం ఆ దండను తెంపడం మొదలుపెడుతుంది, చిన్నపేగు ఆ పని పూర్తిచేస్తుంది. రక్తంలో చేరిన గ్లూకోజ్ మీద సాంబ మసూరి అనో, దొడ్డు బియ్యం అనో ముద్ర ఉండదు. మనిషికి నెలకు 6 కిలోలు అంటే రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. ఏ బియ్యమైనా దాదాపు ఇదే లెక్క.

అయితే ఆ లెక్కను పట్టుకునే ఒకసారి పొలంలోకి దిగి చూద్దాం. హుజూర్‌నగర్ చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండేది ప్రధానంగా వరి. కోతయ్యాక వడ్లు మిల్లుకు పోతాయి, గడ్డి పశువులకు పోతుంది. ఆ గడ్డిలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్. అదీ గ్లూకోజ్ దండే! స్టార్చ్‌లో పూసలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, సెల్యులోజ్‌లో ఒక పూస ఇటైతే పక్కది అటు. తేడా ముడిలో ఉంది. ఆ ముడి విప్పే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. ఆవుకైనా దాని పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులే విప్పిపెట్టాలి. గ్లూకోజే కదా అని మనిషి కంచంలో గడ్డి వడ్డించం. ఒక పదార్థం దేనితో తయారైంది అన్నది సగం సంగతే. తినేవాళ్లకు అది అందే తీరులో ఉందా అన్నది మిగతా సగం.

రేషన్‌కూ ఇదే వర్తిస్తుందని నా ఉద్దేశం. దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో వాటిని వండుకోని ఇళ్లు చాలా ఉండేవి. కిలోకి కొన్ని రూపాయల చొప్పున దళారికి అమ్మేసి, దానికి ఇంకొంత కలిపి సన్నవి కొనుక్కునేవారు. అమ్మిన బియ్యం చేతులు మారి కోళ్ల దాణా దాకా వెళ్లేవి. కాగితం మీద 200 గ్రాములు, కంచంలో సున్నా. నోట్లోకే వెళ్లని అణువు కడుపులోకి పోయాక ఏమవుతుందో చర్చించి ఏం లాభం?

సరే, అందరూ ఆ దొడ్డు బియ్యమే తినేశారనుకుందాం. అప్పుడు ప్రశ్న తీరిపోతుందా? ‘ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు’ అంటారు. అది ఆకలి ఎలా ఉంటుందో చెప్పే సామెత. మనం దాన్ని మెల్లగా ఒక రూల్‌గా మార్చేశాం: ఆకలిగా ఉన్నవాళ్లు రుచి ఎరగకూడదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2013లో మనిషికి 5 కిలోల హక్కు ఇచ్చే ఆహార భద్రత చట్టం వచ్చింది. రెండూ గొప్ప అడుగులే. కానీ మన చర్చ మాత్రం కిలోల దగ్గరే ఆగిపోయింది. మనిషి అంటే కేలరీలు నింపాల్సిన సంచి అన్నట్టు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఆ 200 గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 14 గ్రాములే. అందులోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ లోటు పూడ్చేది పప్పు. పైగా బియ్యం తెల్లబడేకొద్దీ తవుడుతో పాటు పీచూ, బి1 విటమినూ పోతాయి. సన్న బియ్యానికి పెట్టే డబ్బు పప్పుకో గుడ్డుకో పెట్టొచ్చుగా? ఈ ప్రశ్న నాకు ముఖ్యమైనదే, అడగాల్సిందే. కాకపోతే ‘తినగలిగే బియ్యంతో పాటు పప్పు కూడా’ అని అడగడం వేరు, ‘బియ్యం ఏదో ఒకటి తినండి, పప్పు సంగతి తర్వాత’ అనడం వేరు. నాకు ఎక్కువగా వినిపించింది రెండోదే.

అమ్మ తన కంచం చూసుకుని ‘కడుపులోకి పోయాక అన్నీ ఒకటే’ అంటే అది సర్దుబాటు. ఇంకొకరి కంచం చూసి మనం అంటే అది తీర్పు. ఆ తీర్పులో సైన్స్ కన్నా మన దూరమే ఎక్కువ. 25 కిలోల బస్తా కొనడానికి వెళ్లినప్పుడు నేను షాపులో సోనానా, మసూరియా, పాతవా, కొత్తవా అని అడుగుతాను. గ్లూకోజ్ ఎంతుందని ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు.