పంతులమ్మ జీతానికి చందా

అమలాపురం

చిరంజీవి అబ్బాయికి,

విదేశంలో మీ ఊళ్ళో తెలుగువాళ్ళంతా కలిసి పాటల కచేరీ, భోజనాలు ఏర్పాటు చేసి, వచ్చిన డబ్బు మన కోనసీమలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడికి పంపాలనుకుంటున్నారని రాశావు. చాలా సంతోషం. రెండు గదులు కట్టించి దాతల పేర్లతో శిలాఫలకం వేయిద్దామని మీవాళ్ళు అంటున్నారట. ఆ గదుల సంగతి తర్వాత చూడండి. ముందు అక్కడ చెప్పేవాళ్ళ జీతాలకు, పిల్లల్ని తెచ్చే బండికి ఇవ్వండి, అదీ ఏటా ఇవ్వండి.

ఇలాంటి బడిలో పని ఎలా జరుగుతుందో ఆలోచించు. చొక్కా బొత్తాం పెట్టుకోవడం, దాహమేస్తే చెప్పడం, చేత్తో అన్నం కలుపుకోవడం ఇక్కడ పాఠాలు. ఒక్కొక్కటి రావడానికి నెలలు పడతాయి. పిల్లాడికి ఆ మనిషి గొంతు, చెయ్యి అలవాటైతేనే పాఠం ముందుకు సాగుతుంది. మధ్యలో జీతం అందక ఆ టీచరు రాజమండ్రికో హైదరాబాదుకో వెళ్ళిపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవాళ్ళు, ఫిజియోథెరపిస్టులు ఊరూరా దొరకరు. ఆపైన మనది లంకల సీమ. గోదావరి పాయల మధ్య ఊళ్ళలో కొన్నిటికి నేటికీ పడవే దారి. నడవలేని బిడ్డను రోజూ ఎత్తుకుని రేవు దాటించాలంటే తల్లి కూలి పని మానుకోవాలి. నాలుగు రోజులు మానుకుంటుంది, ఐదోనాడు బిడ్డ ఇంట్లోనే ఉండిపోతుంది. గది ఎంత బాగా కట్టినా ఆ బిడ్డకేం లాభం? రేవు దగ్గర ఒక ఆటో, ఒక ఆయా ఉంటే ఆ బిడ్డ బడికి వస్తుంది.

హైదరాబాదులో డాక్టర్ సాయిబాబా గౌడ్ గారు 1991లో పెట్టిన దేవనార్ అంధుల పాఠశాలనే చూడు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ అక్కడ చదివాడు. ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకెళ్ళి సీటు సంపాదించుకున్నాడు. ఆడియోలో పాఠాలు విని చదివి, అమెరికాలో ఎం.ఐ.టి. దాకా వెళ్ళాడు. ఆ పోరాటంలో అతని పక్కన నిలబడింది ఒక ఉపాధ్యాయురాలు. ఇంకా దగ్గరి ఉదాహరణ కాకినాడలో ఉంది. 1985 కనిష్క విమాన దుర్ఘటనలో భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న సంకురాత్రి చంద్రశేఖర్ గారు కెనడాలో ఉద్యోగం వదిలి వచ్చి, 1989లో భార్య మంజరి పేరిట ఫౌండేషన్ పెట్టారు. కూతురి పేర శారదా విద్యాలయం, కొడుకు పేర శ్రీకిరణ్ కంటి ఆసుపత్రి నెలకొల్పారు. ఆ విద్యాలయం వికలాంగుల బడి కాదు, నిజమే. కానీ చూపు పోకుండా కాపాడటం ఆ పనికి చుట్టమే. కెనడావాళ్ళ చందాలు ఒక్క ఏడాదితో ఆగకుండా మూడు దశాబ్దాలు దాటి అందుతూ రావడమే అందులో నేను చూసే బలం.

గది అయితే కంటికి కనిపిస్తుంది, జీతానికి ఎవరిస్తారని మీవాళ్ళు అడుగుతారు. వాళ్ళకు డొక్కా సీతమ్మగారి సంగతి చెప్పు. లంకల గన్నవరంలో ఆవిడ కన్నుమూసి నూరేళ్ళు దాటింది. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ చేసిందల్లా ఏ వేళకు ఎవరొచ్చినా వండి పెట్టడమే. జీతానికి ఇవ్వడమూ అలాంటిదే. ఈ సీమవాళ్ళకు ఆ మాట చెబితే అర్థం కాకపోదు.

జీతాలకు ఇవ్వడం చట్టం ఒప్పుకోదన్న అనుమానం కూడా అక్కర్లేదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్.సి.ఆర్.ఎ.) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు మళ్ళించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. అయితే బడిలో పాఠం చెప్పేవాళ్ళ జీతాలు ఆ పరిపాలన ఖర్చు కిందికి రావని నిబంధనల్లోనే ఉంది.

ఇదంతా సర్కారు బాధ్యత కదా అనేవాళ్ళూ ఉంటారు. ఔను, బాధ్యతే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్యను హక్కు చేసింది. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలూ ఉన్నాయి. ఆ హక్కును అడుగుతూనే ఉండాలి, తల్లిదండ్రుల చేత అడిగించాలి. కానీ అడిగి సాధించేలోగా ఆరేళ్ళ పిల్లాడికి పదేళ్ళొచ్చేస్తాయి. నేర్చుకునే వయసు తిరిగి రాదు.

నన్ను అన్నిటికన్నా కలతపెట్టేది మరొకటి. వేదిక వెనక తెర మీద ఆ పిల్లల్ని చూపించి, విషాద సంగీతం పెట్టి డబ్బు అడగడం మానండి. నోరు తెరిచి వద్దనలేని బిడ్డ బొమ్మను వెయ్యిమంది ముందు పెట్టే హక్కు మనకు లేదు. ఒక టీచరు నెల జీతమెంత, బండి డీజిలు ఖర్చెంత, ఎందరు పిల్లలొస్తారు అన్నది సూటిగా చెప్పండి. లెక్క చెబితే ఇవ్వని వాడు ఏడిపిస్తే ఇచ్చినా, మరుసటేడు రాడు. భోజనాల ఖర్చు వేరే దాతల చేత పెట్టించి, ఆ లెక్కా అదే రాత్రి చదివి వినిపించండి.

టికెట్లు అచ్చు వేయించేలోపు బడివాళ్ళ దగ్గర్నుంచి మూడేళ్ళ జీతాల పట్టీ తెప్పించుకో. నెలనెలా ఎంతో కొంత పంపుతామని ఎందరు ఒప్పుకుంటారో ముందే కనుక్కో. పాతికమంది తేలితే చాలు, కచేరీ పెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న