తిన్నెమీది తత్త్వవిచారము

పగటి పనులు ముగిసిన పిమ్మట నలుగురు మిత్రులు తిన్నెమీద కూర్చుండి, వానలను గూర్చియు ధరలను గూర్చియు మాటలాడుకొనుచు, ఎట్లో దారి తప్పి “విధి బలవత్తరమా, పురుషప్రయత్నము బలవత్తరమా?” అను ప్రశ్నలోనికి దిగుట మన యూళ్లలో అందఱును ఎఱిగిన విషయమే. ఇట్టి ముచ్చటలను మెచ్చని వారు రెండు తెగలవారు కలరు. వ్యవహారదక్షులు వీనిని వట్టి కాలక్షేపమందురు. రెండువేల యేండ్లుగ మహామహులకే తెగని ప్రశ్న మీ తిన్నెమీద తెగునా యని పరిహసింతురు. పండితులో, శాస్త్రము చదువనివాడు శాస్త్రవిషయమున నోరు తెఱచుట అనధికారచేష్ట యందురు. ఈ రెండాక్షేపణలును వేఱువేఱుగ కనబడినను వాని మూలమొక్కటియే. తత్త్వప్రశ్న యనునది ఎవరో తీర్పు చెప్పి ముగింపవలసిన వ్యాజ్యమని ఇరువురును తలచుచున్నారు. ఆ తలంపే సరికాదని నా మనవి. మనము ఏ కారణములచేత ఇట్లు బ్రదుకుచున్నామో ఆ కారణములను మిత్రులయెదుట బయటబెట్టి పరీక్షించుకొనుటకే ఆ ప్రశ్నలు మనకక్కఱకు వచ్చును. ఆ పరీక్ష నిజముగ జరుగవలెనన్న ఎట్టి గోష్ఠి కావలెను? అందు కూర్చుండదగినవారెవరు? ఈ రెండు సంగతులను విచారింతము.

మొదటి ప్రశ్నకు మన పూర్వులే చక్కని దారి చూపియున్నారు. గౌతముని న్యాయసూత్రములు చర్చను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగ చెప్పుచున్నవి. సత్యము తెలియగోరి, ప్రమాణములతో, ఉభయపక్షములను తూచి చేయునది వాదము. ఛలముచేతనైనను సరే, గెలుపే ప్రధానముగ చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక ఎదుటివాని పక్షమును పడగొట్టుటతోనే తృప్తిపడునది వితండ. వాదము ఎవరితో చేయవలెనో కూడ ఆ సూత్రములే నిర్ణయించినవి: శిష్యునితో, గురువుతో, సహాధ్యాయితో, శ్రేయస్సు కోరువారితో, అసూయ లేనివారితో. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చేతబట్టి నేటికిని బాలురు తర్కము నేర్చుచున్నారు గాని, ఆ తర్కము ఎవరితో కూర్చుండి వాడవలెనను సంగతి మాత్రము మనము మఱచితిమి.

చరకసంహితలోని విమానస్థానము ఈ విషయమునే వైద్యులకు బోధించుచున్నది. అందు స్నేహముతో చేయు సంభాషణమునకు సంధాయసంభాష యనియు, కలహించి చేయుదానికి విగృహ్యసంభాష యనియు పేర్లు. స్నేహసంభాషణమున జంకులేక అడుగవలెనట, ఓటమికి భయపడరాదట, ఎదుటివాడు ఓడిన సంతోషింపరాదట. వైద్యులకు ఈ నియమమేల? వైద్యుని తప్పుడు నిశ్చయమునకు మూల్యము చెల్లించువాడు రోగి గదా! పంతమునకై నిలిపిన పక్షము రేపు ఒకని ప్రాణము మీదికి రావచ్చును. ఇది వైద్యునికే కాదు, గృహస్థునికిని చెల్లును. మన తప్పుడు నిశ్చయములకు మూల్యము చెల్లించువారు తఱచుగ మన యింటిలోనే యుందురు.

ఇక గోష్ఠిని చంపునది పంతమొక్కటియే కాదు, పెద్దఱికమును చంపును. “శంకరులు ఇట్లనిరి”, “కాంటు ఇట్లనెను” అని ఒకరు పలికినంతనే తక్కినవారు తలలూపి ఊరకుందురు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు తమ్మును జగద్గురువుగ నిలుపుటకు ఏర్పఱచిన నక్షత్రసంఘమును 1929లో తామే రద్దుచేసిరి. పిమ్మట దేశదేశములు తిరిగి, తమ మాటను ప్రమాణముగ గొనవలదని చెప్పుచునే, ప్రశ్నించువారితో కూర్చుండి ఆయుఃపర్యంతము మాటలాడుచుండిరి. వారి మతము మనకు సమ్మతము కాకపోవచ్చును. కాని గురుపీఠమునుండి దిగివచ్చినవాడు గాని గోష్ఠిలో కూర్చుండలేడను సంగతి వారి చరిత్రవలన తెలియుచున్నది. మా వంటి యుపాధ్యాయులు దీనిని ముఖ్యముగ గుర్తింపవలెను. నేడు చేతిలోని ఫోను మఱియొక గురుపీఠమై కూర్చున్నది. సోక్రటీసు క్రీ.పూ. 399లో మరణదండన పొందెనని అది క్షణములో చెప్పును. అతనివలె నేను సత్యమునకు కట్టువడవలెనా యను ప్రశ్నకు అది ఎన్ని సమాధానములను చూపినను, కట్టువడవలసినవాడను నేనే గదా!

ఇక దృష్టాంతమునకు వత్తము. ప్లూటార్కు వ్రాసిన థీసియసు చరిత్రలో ఒక ఓడ కథ యున్నది. ఏథెన్సువారు ఆ వీరుని ఓడను భద్రపఱచుచు, చివికిన పలకను తీసి క్రొత్త పలక వేయుచు వచ్చిరట. అన్ని పలకలును మాఱిన పిమ్మట అది ఆ ఓడయేనా యని తత్త్వవేత్తలు తగవులాడిరి. ఈ కథను నేను శ్రీ సిటీ ప్రాంతమున మిత్రుల నడుమ చెప్పినపుడు అది పరదేశపు కథగ నిలువలేదు. ఏలయన ఆ ప్రాంతమే అట్టి ఓడ. సత్యవేడు సీమ మొదట మదరాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలోనిది. పాటస్కరుగారి నిర్ణయము ననుసరించి సరిహద్దులు మార్చినపుడు, 1960 ఏప్రిల్ 1వ తేదీన అది ఆంధ్రప్రదేశమునకు వచ్చి చిత్తూరు జిల్లాలో చేరెను; 2022లో తిరుపతి జిల్లాలోనిదయ్యెను. ఈ నడుమ 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలములలో శ్రీ సిటీ వెలసి, వేల ఎకరముల భూమిలో కర్మాగారములును విద్యాలయములును లేచినవి. జిల్లా మాఱినది, రాష్ట్రము మాఱినది, వృత్తి మాఱినది, భూమి రూపమే మాఱినది. ఊరు ఆ ఊరేనా?

ఒకరు మట్టియే ఊరనిరి. మఱియొకరు మనుష్యులే ఊరనిరి. పేరున్నంతవఱకు ఊరున్నట్లేయని వేఱొకరనిరి. అంతవఱకు ఊరకున్న వృద్ధకృషీవలుడొకడు, “అయ్యవారూ, ఊరు అదేనా కాదా అని మీరు అడగతా ఉండారు. చెరువు పూడిక ఎవురు తీయాలో చెప్పండి, ఊరు ఏదో నేను చెప్తా” అనెను. ఆ మాటతో చర్చ పలకలను విడిచి బాధ్యతలోనికి వచ్చెను. ఒకటియే ఊరు, ఒకడే మనుష్యుడు అని మనము పట్టుబట్టుట కేవలము జ్ఞానార్థము కాదు. నిన్నటి ఋణము నేడు ఎవరు తీర్పవలెనో తెలియుటకై పట్టుబట్టుచున్నాము.

పాలీభాషలోని మిళిందపఞ్హమున నాగసేనుడు రాజునకు ఈ సంగతియే బోధించెను. ఒకడు మామిడిపండ్లు దొంగిలించి, “ఇతడు నాటినది వేఱు, నేను తీసికొన్నది వేఱు” అని వాదించిన తప్పించుకొనగలడా? నాటిన టెంకనుండియే గదా పండు వచ్చినది! రాత్రి తొలిజామున వెలిగిన దీపజ్వాలయు కడజామున వెలుగు జ్వాలయు అచ్చముగ ఒకటి కావు. కాని ఒకదానినుండియే రెండవది వచ్చినది. ఆత్మ నిత్యమనువారును అనిత్యమనువారును ఇచ్చట కలిసికొనవచ్చును. మనుష్యుడు మాఱునని ఒప్పుకొనినను, మాఱితినని చెప్పి అప్పు ఎగవేయుటకు వీలులేదు.

మా మిత్రులలో ఒకరికి ఈ మాట రుచింపలేదు. పడుచుతనమున కట్నము పుచ్చుకొననని శపథము చేసి, అట్లే వివాహమాడినవారాయన. ఇప్పుడు కుమారుని వివాహమునకు మాత్రము బేరము సాగుచుండెను. “ఇరువదియేండ్ల నాటి నేను వేఱు, నేటి నేను వేఱు, ఆ కుఱ్ఱవాని శపథము నన్నేల కట్టివేయవలెను?” అని ఆయన వాదించెను. వాదము బలముగనే యుండెను. అంతట ఒక చిన్నవాడు నవ్వుచు, “అన్నా, అట్లయితే మూడేండ్ల కింద నీ దగ్గర అప్పు తీసుకున్న మనిషి కూడా ఇప్పుడు లేడు గదా. ఆ నోటు చించేస్తావా?” అని అడిగెను. మిత్రుడు లేచి వెడలిపోయెను. వారము దినములు గోష్ఠికి రాలేదు. పిమ్మట వచ్చి, అడిగిన మొత్తములో సగము తగ్గించితినని చెప్పెను. “సగమేల?” అని ఎవరో అడిగిరి. ఆ చర్చ ఇంకను ముగియలేదు.

కట్నమును నిషేధించు శాసనము 1961లోనే వచ్చినది. దానిని ఎఱుగనివాడు మా గోష్ఠిలో లేడు. ఉపన్యాసములు విననివాడును లేడు. శాసనమునకు దొరకక, ఉపన్యాసమునకు చెవినిడక తప్పించుకొనినవాడు, తానే ప్రీతితో ఎత్తికొనిన తత్త్వవాదములో చిక్కుకొనెను. పరులు అడిగియుండిన అవమానమగును. బంధువులు అడిగియుండిన కలహమగును. నవ్వుచు అడుగగలవాడు మిత్రుడొక్కడే. తిన్నెమీది తత్త్వవిచారమునకు గల ప్రయోజనమిది. దాని సమాధానము ఎవరికైనను కొంత ఖర్చు తెచ్చుచున్నదా లేదా యని చూడుడు. తెచ్చినచో అది వాదము. లేనిచో కాలక్షేపమన్నవారి మాటయే నిజము.

ఇక రెండవ సంగతి: అందు కూర్చుండదగినవారెవరు? పైన చెప్పిన కట్నపు చర్చలో ఆ మిత్రుని భార్య లేదు. కోడలు కాబోవు కన్య అంతకుముందే లేదు. ఎవరి విలువను తూచుచుంటిమో వారు లేకయే తూచితిమి. తిన్నెమీద స్త్రీపురుష సమానత్వమును స్థాపించుచుండగ లోపల కాఫీగ్లాసులు కడుగుచున్న చప్పుడు వినబడుట మన గోష్ఠులలో అరుదు కాదు. చదువుకొనిన గృహములలో సైతము ఇది ఇట్లేయున్నది.

ఇది మన ప్రాచీనుల మర్యాద యనుటకు వీలులేదు. బృహదారణ్యకమున జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించెను. ఇంకను అడిగిన తల పగులునని ఆయన హెచ్చరింపగ ఆమె అప్పటికి ఊరకుండి, మఱల లేచి రెండు ప్రశ్నలు వేసెను. ఆమె సంగతి సభలోనిది. మైత్రేయి సంగతి ఇంటిలోనిది. భర్త ఆస్తి పంచిపెట్టబోవు వేళ, ధనముచేత అమృతత్వము కలుగునా యని ఆమె అడిగెను. పంపకముల నడుమనే, పాత్రలు లెక్కించు చోటనే ఆ మహాప్రశ్న పుట్టినది. దానిని వినుటకు యాజ్ఞవల్క్యునకు తీఱిక దొరకినది; మనకు దొరకుట లేదు.

“స్త్రీలకిందు ఆసక్తి లేదు” అందురు కొందఱు. శ్రీ సిటీ కర్మాగారములలో వేలకొలది స్త్రీలు పనిచేయుచున్నారు. షిఫ్టు ముగిసి కంపెనీ బస్సు దిగిన పురుషుడు తిన్నె చేరును. అదే బస్సు దిగిన స్త్రీ పొయ్యి చేరును. ఒకరికి తీఱికయు వేఱొకరికి రెండవ షిఫ్టును ఏర్పాటుచేసి, పిమ్మట ఆసక్తిని గూర్చి మాటలాడుట న్యాయమా? పురుషప్రయత్నము గొప్పదా, విధి గొప్పదా యను ప్రశ్నను ఆ బస్సులోని స్త్రీ నడిగిన, తన సంపాదన ఎవరి చేతికి పోవుచున్నదో, తన వివాహము ఎవరు నిర్ణయించిరో చెప్పి, మనము విధి యనుకొనినదానిలో ఎంత భాగము ఇంటివారి ఏర్పాటో చూపగలదు. ఆ సాక్ష్యము లేని చర్చ ప్రమాణలోపము గలది. ఇది దయచేత చెప్పుమాట కాదు, న్యాయశాస్త్రరీతిగనే చెప్పుచున్నాను.

కావున చదువరులకు నేను చేయు సూచనలు స్వల్పములు. గోష్ఠిని తిన్నెనుండి ఇంటి నడుమకు తెండు. గ్లాసులు కడుగుపని అందఱును పంచుకొనుడు. అందువలన కలుగు అరగంట తీఱిక చాలును. పిల్లలు అడిగిన ప్రశ్నను “పెద్దయిన పిమ్మట తెలియును” అని త్రోసివేయకుడు. పెద్దలమైన మనకు తెలిసినదేమో ఆ ప్రశ్నయే బయటపెట్టును. గెలిచినవాడు సంతోషింపరాదను చరకుని నియమము పాటింపుడు. చర్చ ముగిసినపుడు ఎవరు నెగ్గిరని కాక, రేపు ఎవరు ఏమి మార్చుకొనవలసియున్నదని అడుగుడు.

విధియా, ప్రయత్నమా? ఆత్మ నిత్యమా, అనిత్యమా? ఈ ప్రశ్నలు మన తరువాతను ఉండును. అవి తెగలేదని విచారపడ నక్కఱలేదు. కాని చెఱువు పూడిక తీయువారెవరో, చేసిన శపథము నిలుపువారెవరో, గోష్ఠికి రాక లోపలనే నిలిచిపోయినదెవరో తేల్చుట మన చేతిలోని పని. దానికి రెండువేల యేండ్లు అక్కఱలేదు.