పిల్లల తెలుగు ఎవరి బాధ్యత?

మన ఇండ్లలో తెలుగు తల్లిభాష. బడిలో మాత్రము బళ్లారిలో కన్నడము, చెన్నైలో తమిళము, బరంపురములో ఒడియా; అన్నిచోట్లను ఇంగ్లీషు. బిడ్డకు తెలుగు రానిచో "బడిలో చెప్పరు గదా" యని పెద్దలు సరిపెట్టుకొనుచున్నారు. ఇది న్యాయమేనా?

బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రములో చేరినది. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సౌకర్యములకై రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. ఆ సౌకర్యము అడుగవలసినదే. అది వచ్చువరకు ఇంటిలో ఊరకుండుట మాత్రము తగదు.

తల్లి తెలుగులో అడుగును. బిడ్డ కన్నడములో బదులిచ్చును. అర్థమైనది గనుక తల్లి అంతటితో ఊరకుండును. ఇది సరుకు దిగుటయే గాని అమ్మకము లేని కొట్టువంటిది. వినుట వచ్చును, పలుకుట రాదు. పెద్దపిల్ల బడినుండి తెచ్చిన భాషయే తమ్మునికి ఆటల భాష యగును. వానికి తెలుగు మరింత తక్కువ. వాడు తడబడుచు నాలుగు మాటలాడగా చుట్టములు నవ్విరా, ఐదవ మాట రాదు.

"వ్యాపారమునకు తెలుగెందుకు?" అందురు కొందరు. ఉన్న ఊరి భాష నేర్చుట మన ధర్మమే. కాని ఒకటి వచ్చుటకు మరియొకటి పోనక్కరలేదు. కన్నడ ఆదికవి పంపడు జైనుడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో కరీంనగర్ జిల్లా కుర్క్యాల వద్ద గుట్టపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింట శాసనము వేయించెను. అందులో తెలుగు కందపద్యములున్నవి.

"తెలుగు కావలెనో వద్దో పెద్దవాడై వాడే తేల్చుకొనును" అనువారును కలరు. తేల్చుకొనుటకు ముందు అది వాని చేతిలో నుండవలెను గదా! తనకున్నదానిని విడుచుట త్యాగము. బిడ్డకు ఊహ తెలియకముందే వాని పేర మనము విడుచుట త్యాగము కాదు. మైనరు ఆస్తిని సంరక్షకుడు కాపాడి అప్పగింపవలెనే గాని పోగొట్టరాదు.

కావున రాత్రి భోజనముల వేళ ఇంటిల్లిపాదియు తెలుగే మాటలాడవలెను. బిడ్డ తప్పు పలికిన నవ్వక, సరియైన మాటను మనమే మెల్లగా పలుకవలెను. కన్నడ అక్షరములు వచ్చిన బిడ్డకు తెలుగు లిపి కొద్ది దినముల పని. వారమునకొకసారి అమ్మమ్మకో తాతకో తెలుగు అక్షరములలో నాలుగు వాక్యములు వ్రాయింపుడు. ఇందుకు ఖర్చు లేదు. పెద్దలకు ఓపిక యుండిన చాలును.