ఇంటిలోనికి తుపాకి: శరణధర్మ విచారణ

గృహస్థునకు విధింపబడిన ధర్మములలో ఇంటివారిని కాపాడుట మొదటిది. అతిథికి అన్నము పెట్టుట, జంగమునకు దాసోహము చేయుట, గురువును సేవించుట, ఇవన్నియు ఇల్లు నిలిచినప్పుడే సాగును. తలుపునకు గడియ పెట్టుట పాపమని ఏ శరణుడును చెప్పలేదు. కాని గడియకును తుపాకికిని గొప్ప భేదము కలదు. గడియ వచ్చువానిని ఆపును. తుపాకి వచ్చువానిని చంపును. ఈ భేదమును తలపక, అంగడిలో వస్తువును గూర్చి అడిగినట్లు, "ఇంటికి ఏ తుపాకి మంచిది?" అని అడుగుట నేడు కొన్ని కుటుంబములలో వినవచ్చుచున్నది. ఆ ప్రశ్నకు ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. దానిని విచారించుటయే ఇచ్చటి ఉద్దేశము.

ఈ భయము ఊరక పుట్టినది కాదు. కిన్నెరసాని గోదావరిలో కలియు తావునకు చేరువనున్న బూర్గంపాడు వంటి అడవి అంచు గ్రామములను చూడుడు. పిల్లలు హైదరాబాదునకో అమెరికాకో ఉద్యోగములకై పోయిరి. ఇంట ముసలి దంపతులు ఇద్దరే మిగిలిరి. ఊరి చివర ఇల్లు, వెనుక చేను, చేనికి ఆవల చెట్లు. పంట అమ్మిన సొమ్మో, కొట్టు మీద వచ్చిన రొక్కమో, కోడలి నగలో బీరువాలో ఉండును. రాత్రి కుక్క మొరిగినచో పెద్దాయన లేచి కూర్చుండును. అట్టి ఇంట తుపాకి మాట పుట్టుట వింత కాదు. ఆయనను పిరికివాడని నిందించుటయు తగదు. ఆయన భయము నిజమైనది. ఆయన ఎన్నుకొనబోవు ఉపాయము సరియైనదా అనునదే విచార్యము.

తుపాకి ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. ఒకప్పుడు గోదావరికి ఈ దరి నిజాము ఏలుబడి, ఆ దరి ఇంగ్లీషువారి ఏలుబడి. ఆంగ్లేయులు 1878లో ఆయుధముల చట్టము చేసి, అనుమతి లేనిదే ప్రజలు తుపాకి పట్టరాదనిరి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడినది తుపాకుల కొరకే. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటములోను, 1960ల చివర శ్రీకాకుళపు మన్యములో రేగిన పోరులోను, భూస్వాముల ఇండ్లనుండి తుపాకులు లాగుకొనబడినవి. ఆ ఉద్యమముల మంచిచెడ్డలు వేరు సంగతి. గృహస్థు గ్రహింపవలసినది ఒక్కటి: ఆయుధము కావలసినవాడు ఆయుధమున్న చోటికే వచ్చును. ఇంటిని కాపాడునని తెచ్చిన వస్తువే ఇంటిమీదికి ఆపదను పిలిచిన దాఖలాలు మన నేలమీదనే కలవు.

ఇక చట్టము మాట. స్వతంత్ర భారతమున 1959 ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 21 సంవత్సరములు నిండనివానికి లైసెన్సు సాధారణముగా లేదు. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటునకో, కమీషనరేటు ఉన్న చోట పోలీసు కమీషనరునకో చేసికొనవలెను. పోలీసువారు విచారించి నివేదిక పంపుదురు. 2016 నియమములు తుపాకిని సురక్షితముగా పట్టుటలో శిక్షణను, ఇంట భద్రముగా దాచు ఏర్పాటును కోరుచున్నవి. 2019 సవరణతో ఒక వ్యక్తికి ఉండదగిన తుపాకులు మూడునుండి రెండునకు తగ్గినవి. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినది. పెండ్లిళ్ళలోను ఊరేగింపులలోను సంబరమునకు తుపాకి పేల్చి ఇతరులకు అపాయము కలిగించుట శిక్షార్హమైనది. లైసెన్సు లేని నాటు తుపాకి ఇంటనుంచుకొనుట, అది అడవిపందుల కొరకే అయినను, కారాగారమునకు దారి తీయు నేరము.

లైసెన్సు దొరకినను ఎన్నిక సులభము కాదు. పన్నెండు బోరు తుపాకి, ఒంటిగొట్టముదైనను జోడుగొట్టములదైనను, రవ్వలను చిమ్మును. చీకటిలో గురి తప్పినచో అడ్డువచ్చిన మనుమనికిని తగులును. రైఫిలు గుండు దొంగను దాటి, రేకును దాటి, పొరుగింటి మంచము వరకు పోగలదు. రివాల్వరు చిన్నది, తలగడ క్రింద ఇముడును. కనుకనే పిల్లల చేతికి సులభముగా అందును, అభ్యాసము లేని చేతిలో గురి నిలువదు. తూటాలు తీసి తుపాకిని పెట్టెలో పెట్టి తాళము వేసినచో అర్ధరాత్రి అక్కరకు రాదు. తూటాలు నింపి చేతికందునట్లు పెట్టినచో పగలంతయు ఇంటివారికే ప్రమాదము. ఈ చిక్కునకు ఏ కర్మాగారమును విరుగుడు కనిపెట్టలేదు.

ప్రమాదము ఇంటివారికే అనుట అలంకారము కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున కింగ్ కౌంటీలో 1978 నుండి 1983 వరకు జరిగిన తుపాకి మరణములను ఇద్దరు వైద్యులు పరిశీలించి 1986లో ప్రకటించిరి. తుపాకి ఉన్న ఇంటిలోనే, ఆ తుపాకితోనే జరిగిన మరణములు 398. వానిలో లోనికి చొరబడబోయి చచ్చినవారు 2; ఆత్మరక్షణమున చంపబడినవారు 7. ఇట్టి ఒక్కొక్క మరణమునకు ఎదురుగా 37 ఆత్మహత్యలు లెక్కకు వచ్చినవి. కాల్పకయే దొంగను బెదరించి పంపిన సందర్భములు ఈ లెక్కలో చేరవు, అది ఒప్పుకొనవలసినదే. అయినను ఇంటి తుపాకి ఎవరివైపు తిరుగుచున్నదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

ఈ సత్యము తెలిసికొనుటకు అమెరికా దాక పోనక్కరలేదు. పత్తి, మిరప పండించు మన పల్లెలలో పురుగుమందు డబ్బా చేసిన కీడు ఎవ్వరెరుగరు? అప్పుల బాధలో ఉన్నవానికి ఆ క్షణమున చేతికందినది మందు డబ్బా. ఆ క్షణము దాటినచో ఎందరో బ్రతికెడివారు. శ్రీలంకలో అతి తీక్ష్ణమైన పురుగుమందులను 1984 మొదలుకొని విడతలుగా నిషేధించగా, 1995 తరువాత ఆత్మహత్యలు బాగుగా తగ్గినవి. దుఃఖము తగ్గి కాదు, సాధనము దూరమై. తుపాకి అంతకంటె వేగమైన సాధనము. దానికి వాంతి లేదు, ఆసుపత్రి లేదు, రెండవ ఆలోచన లేదు. ఇంట త్రాగుబోతు కొడుకున్నాడా, మనసు విరిగిన కోడలున్నదా, పరీక్ష తప్పిన మనుమడున్నాడా అని చూచుకొనక తుపాకి తెచ్చువాడు, బయటి దొంగకై లోపలి మృత్యువునకు పీట వేసినవాడగును.

ఇచ్చట బసవేశ్వరుని బోధను స్మరింపవలెను. ఆయన లోకమెరుగని విరాగి కాడు. బిజ్జలుని భాండాగారమునకు అధికారి. ధనమనగానేమో, ధనమునకు కాపలా అనగానేమో ఎరిగినవాడు. అట్టివాడు ధర్మమునకు మూలము దయ అని బోధించెను. దేహమునే దేవాలయముగా చూపెను. ఆయన ఆవులను దొంగలు తోలుకొనిపోయినప్పుడు కేకలు వేయవద్దని, ఎవరి ఇంట ఆ పాలు త్రాగినను అవి సంగమదేవునికే చేరునని ఆయన భావించినట్లు వచనసంప్రదాయము చెప్పుచున్నది. దేహము దేవాలయమైనచో దొంగ దేహమును దేవాలయమే. సొమ్ము కొరకు దానిని కూల్చుటకు శరణునకు అధికారము ఎక్కడిది?

దీనికి ఎదురువాదము లేకపోలేదు. వీరశైవమున 'వీర' శబ్దము ఊరక చేరినదా? పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఉగ్రభక్తుల కథలు లేవా? కల్యాణ విప్లవానంతరము సైన్యము తరుముచుండగా మడివాళ మాచిదేవుడు కత్తి పట్టి శరణులను, వచనముల తాళపత్రములను కాపాడెనని సంప్రదాయము కీర్తించుచున్నది గదా? నిజమే. ఆ కథలను దాచుట నిజాయితీ కాదు. కాని మాచిదేవుడు దేనిని కాపాడెనో చూడవలెను. తన బీరువాను కాదు. పరుగెత్తలేని స్త్రీలను, వృద్ధులను, తరతరములకు చెందవలసిన వాక్కును. ఆయన ఎదిరించినది ఆకలితో దొడ్డిగోడ దూకినవానిని కాదు, చంపవచ్చిన సైన్యమును. ఆవుల కథయు మాచిదేవుని కథయు ఒకదానికొకటి విరుద్ధములు కావు. సొమ్ము పోవుచోట ఓర్పు, ప్రాణము పోవుచోట అడ్డుపాటు. రెండును కలిసినదే శరణధర్మము.

కావున మొదటి ప్రశ్న "ఏ తుపాకి?" అనునది కాదు. "ఈ ఇంట దేని కొరకు ఒక మనిషిని చంపుటకు సిద్ధపడుచున్నాము?" అనునది. ఇంటి యజమాని ఈ ప్రశ్నను ఇల్లాలితో, ఎదిగిన పిల్లలతో కూర్చుండి విప్పి చెప్పుకొనవలెను. చట్టమును ఇట్టి విచక్షణనే కోరుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును నిలిపినది. కాని అవసరమునకు మించిన హాని చేయరాదనియు, అధికారుల సాయము పొందుటకు వ్యవధి ఉన్నచోట ఆ హక్కు లేదనియు హద్దులు గీచినది. పారిపోవుచున్న దొంగ వీపున కాల్చినవాడు రక్షకుడు కాడు, హంతకుడు.

చాలా ఇండ్లలో ఈ ప్రశ్న అడుగగానే భయము రూపు మారును. భయము ప్రాణమును గూర్చి కాదు, బీరువాను గూర్చి అని తేలును. బీరువా భయమునకు మందు వేరే కలదు. నగలు బ్యాంకు లాకరులో, రొక్కము ఖాతాలో ఉంచినచో దొంగకు పని లేదు. గట్టి తలుపు, వాకిట దీపము, మంచి కుక్క, పొరుగువారి ఫోను నంబరు, ఇవి ఎవరినీ చంపవు. వీనికంటె గొప్ప కాపలా దాసోహము. కాయకముతో వచ్చినదానిలో అక్కరకు మించినది సమాజమునకు చేరినచో, పోవునను భయము కొంత దానితోనే పోవును. ఇచ్చిన ఇంటికి ఊరు కాపలా కాయును.

ఇది ఉత్త మాట కాదని గోదావరి రెండుసార్లు నిరూపించినది. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. వరద వచ్చినప్పుడు ఒడ్డున ఉన్న పల్లెలలో జనము తాళము వేసి మెట్టకు పోవలసినదే. ఆ వేళ ముసలమ్మను భుజాన ఎత్తుకొనువాడు పొరుగువాడు; పశువుల తలుగు విప్పువాడు పాలేరు; కట్టుబట్టలతో వచ్చినవారికి గంజి కాచునది పరుల ఇల్లాలు. ఏ తుపాకియు నీటిని ఆపదు. ఎవరిని చూచి భయపడి తుపాకి కొనదలచితిమో, వారిలోనే ఒకడు పడవ తెచ్చువాడు కావచ్చును. అడవి అంచున ఉండు కోయవానిని, కూలివానిని రాత్రిపూట అనుమానముతో చూచు అలవాటు ఇంట పెరిగినచో, తుపాకి కొనకముందే ఆ ఇల్లు ఒంటరిదైనది. కులము చూడక శరణుల నందరిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిన అనుభవమంటపపు వారసులకు ఈ ఒంటరితనము తగదు.

అయినను నిజముగా ప్రాణభయము ఉన్నవారు కొందరుందురు. బెదరింపు వచ్చినది, పోలీసు ఠాణా దూరము, ఇల్లు ఊరికి ఎడమైనది, చుట్టుప్రక్కల పిలిచిన పలుకువారు లేరు. అట్టివాడు మొదట ఠాణాలో వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇచ్చి, ఊరిలోనికి నివాసము మార్చుకొనగలడేమో చూచి, ఇవి రెండును చాలనప్పుడు లైసెన్సు కోరినచో ధర్మమునకు విరుద్ధము కాదు. కాని అతడు కొన్ని నియమములు పాటింపవలెను. శిక్షణ పొందక తుపాకి ముట్టరాదు. తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట తాళములో ఉంచవలెను. మద్యము ముట్టు ఇంట, మనోవ్యాధి ఉన్న ఇంట దానిని నిలుపరాదు. దానిని నలుగురికి చూపి గొప్పలు పోరాదు. భయము తీరిననాడు దానిని అప్పగించి లైసెన్సు వదులుకొనవలెను. అవసరము తీరిన పిమ్మటను ఉంచుకొన్న ఆయుధము రక్షణ కాదు, అహంకారము.

తుపాకి కొనుట ఒక రోజు పని. దానిని ప్రతి రాత్రి కాపాడుట జీవితకాలపు పని. అందుకే కొనుటకు ముందు ఒక్క రాత్రి ఆ ముసలి దంపతులు ఇష్టలింగమును అరచేత నిలుపుకొని, తాము కాపాడదలచినది ఏమిటో తమను తాము అడుగవలెను. జవాబు సొమ్ము అయినచో బ్యాంకు ఉన్నది, దాసోహమున్నది. జవాబు ప్రాణమైనచో చట్టమున్నది, ఊరున్నది. ఈ నాలుగును అక్కరకు రాని నాడు మాత్రమే, అదియు భయభక్తులతో, తుపాకి మాట తలపెట్టవలెను.

శరణు శరణార్థి.