చూరులో గ్లాసు

మా నాయనమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచేది. తలస్నానం చేసి, మడి కట్టుకుని, తులసికోట దగ్గర దీపం పెట్టందే పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. ఊళ్లో ఎవరింట పురుడొచ్చినా, పిల్లలకు జ్వరమొచ్చినా ముందు వెళ్లి కూర్చునేదీ ఆవిడే. అంత ఓపిక దేవుడిచ్చిందేనని అందరూ అనేవారు. నేనూ అదే నమ్మాను.

మా పొలం పనికొచ్చేవాళ్లకి విడిగా ఒక గ్లాసు ఉండేది, పశువుల కొట్టం చూరులో దోపి. అందులో ఎత్తు నుంచి నీళ్లు పోసేది నాయనమ్మే. "ఎండ మండిపోతోంది, కాసేపు నీడన కూర్చోరా" అనేది, తనకంటే పెద్దవాడినైనా. ఆ మాటలో ప్రేమ నిజం. ఆ గ్లాసూ నిజం.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, సంబంధం చూసేటప్పుడు, అప్పుకి హామీ సంతకం పెట్టేటప్పుడు నుదుటి బొట్టు, మెడలో మాల చూసి సగం నమ్మేస్తాం. భక్తిపరుడు, మంచివాడే అయ్యుంటాడు అంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ చూరే గుర్తొస్తుంది.

గోరా గురించి చదివినప్పుడూ అదే గుర్తొచ్చింది. నాస్తికత్వం చెప్పినందుకు కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానితనం మీద పోరాడారు. పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేయాలనుకున్నప్పుడు, రోజూ ప్రార్థన చేసే గాంధీ ఆ పెళ్లి సేవాగ్రామంలో తానే జరిపిస్తానన్నారు. పెళ్లి ప్రమాణాల్లో దేవుడి పేరు బదులు సత్యం అనడానికీ ఒప్పుకున్నారు. ఈలోగా 1948 జనవరి 30 వచ్చింది. మార్చిలో ఆయన లేకుండానే ఆశ్రమంలో ఆ పెళ్లి జరిగింది. రాముణ్ణి తలవనిదే రోజు గడవని ఒకాయన, రాముడు లేడనే ఇంకొకాయన, ఆ పిల్ల పెళ్లి విషయంలో ఒక్క మాట మీద నిలబడ్డారు.

అలాగని భక్తిని తీసిపారేయలేను. రాత్రంతా పరాయి పిల్లల పక్కన మేలుకునే బలం నాయనమ్మకి పూజలోంచే వచ్చింది, ఆవిడే చెప్పేది. ఆ బలం ఏ గడప దాకా వెళ్లొచ్చో హద్దు గీసింది మాత్రం ఊరు. ఆ హద్దునీ దేవుడే గీశాడని ఆవిడ నమ్మింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

చివరి ఏడాది ఆవిడ మంచం పట్టింది. ఆ గ్లాసుతో తాగిన ముసలాయన కోడలే వచ్చి సాయం చేసేది. మొదటిరోజు తల ఎత్తిపట్టి, మా ఇంటి వెండి గ్లాసుతో నీళ్లు పట్టింది. నాయనమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత గుక్కగుక్కగా మొత్తం తాగింది.