కూర్చున్నవాళ్ల ఒడి

1980ల మొదట్లో మా పోరంకి సెంటర్లో బస్సు కోసం నిలబడితే ఎదురుగా వరిచేలే కనిపించేవి. ఉయ్యూరు, కంకిపాడు మీదుగా వచ్చే బస్సు మా దాకా వచ్చేసరికే నిండిపోయేది. వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్లే కూరగాయల గంపలు, బడిపిల్లలు, బెజవాడ కొట్లలో గుమాస్తాలు, అందరిదీ అదే బస్సు.

బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, కర్చీఫులు లోపల పడేవి. గుడ్డ పడితే సీటు వాళ్లదే. దేనికైనా ముందే చోటు పట్టుకుంటే ‘కర్చీఫ్ వేశాడు’ అని ఇప్పటికీ అంటున్నాం. మా అమ్మకు ఆ పద్ధతి నచ్చేది కాదు. ‘‘దిగేవాళ్లని దిగనివ్వరా. వాళ్లు దిగితేనేగా మనకు చోటు’’ అని నా రెక్క పట్టుకుని పక్కకు నిలబెట్టేది. అందుకే చాలాసార్లు నిలబడే వెళ్లేవాళ్లం. అప్పుడు ఎవరో ఒకరు ‘‘సంచి ఇటివ్వు నాన్నా’’ అని నా పుస్తకాలు ఒళ్లో పెట్టుకునేవారు.

ఒకరోజు సీటు నాకు దొరికింది. పక్కన నిలబడ్డ ఒకామె ఏమీ అడక్కుండానే టిఫిన్ క్యారేజీ నా ఒళ్లో పెట్టి, రెండు చేతులా పైకమ్మీ పట్టుకుంది. నిక్కరు గుడ్డలోంచి వేడి తగిలింది. పప్పుచారు వాసన వచ్చింది. పటమట దగ్గర బస్సు ఒరిగినప్పుడల్లా మూత ఊడుతుందేమోనని రెండు చేతులూ బిగించాను. ఎవరి మధ్యాహ్నపు అన్నమో నా కాపలాలో ఉంది. ఆమె నా పేరైనా అడగలేదు.

ఆ వేడి గుర్తొచ్చినప్పుడల్లా ఒక మాట అనిపిస్తుంది. కూర్చున్నవాడూ నిలబడ్డవాడూ ఇచ్చేది ఒకటే ఛార్జీ. కండక్టరు చించి ఇచ్చే టికెట్టు ప్రయాణానికే గానీ సీటుకు కాదు. సీటు మనం కొనుక్కున్నది కాదు, ముందు స్టాపులో ఎక్కినందుకో, ఎవరో దిగినందుకో దొరికింది. దొరికిన దానికి చెల్లించాల్సింది ఒడి. నిలబడ్డవాళ్ల బరువులో కూర్చున్నవాళ్లకు వాటా ఉంది. ఆడవాళ్ల సీట్లు ఏవో బస్సులో రాసి ఉండేది గానీ ఈ సంగతి ఎక్కడా రాసి ఉండేది కాదు. ఒకరిని చూసి ఒకరం నేర్చుకున్నాం.

డెల్టా వాళ్లకు ఇది కొత్త కాదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాకా, కాలువ నీళ్లు ముందు ఎగువ చేలకే అందుతాయి. అది ఎగువ రైతు గొప్పతనం కాదు, అతని చేను ఉన్న చోటు. తన మడి తడిశాక అతను తూము మూస్తేనే శివారు చేనుకు తడి. పుట్టిన ఇల్లు, దొరికిన చదువు, మనం మనవి అనుకునేవి చాలావరకు ఇలా ముందు స్టాపులో ఎక్కినందుకు దొరికిన సీట్లే.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. బస్సులు కిక్కిరిశాయని విసుక్కునేవాళ్లున్నారు. నాకైతే సంతోషం. ఛార్జీ లెక్క చూసుకుని గడప దగ్గరే ఆగిపోయే ఆడమనిషి ఇప్పుడు బస్సెక్కుతోంది. నిలబడేవాళ్లు పెరిగితే కూర్చున్నవాళ్ల పనీ పెరగాలి, అంతే.

మొన్న బెంజి సర్కిల్లో ఒక కాలేజీ అమ్మాయి బరువైన బ్యాగుతో ఎక్కింది. ‘‘ఇటివ్వమ్మా’’ అని చెయ్యి చాపాను. కాస్త తటపటాయించి ఇచ్చింది. కానూరులో జనం తోసుకుని దిగుతుంటే ఆ అమ్మాయీ దిగిపోయింది. బ్యాగు నా దగ్గరే ఉంది. కిటికీలోంచి అందిస్తే పరుగున వచ్చి రెండు చేతులా అందుకుంది. నేను మళ్లీ సర్దుకుని కూర్చునేలోగా, వెనక నిలబడ్డ ఓ పిల్లాడు తన పుస్తకాల సంచి నా ఒళ్లో పెట్టేశాడు.